అటక మీది చరిత్ర

పత్రికలు చదివే అలవాటున్న వారికి ‘అటకెక్కింది’ అనే మాట కొత్త కాదు. ఒక పథకం ఆగిపోతే అటకెక్కింది అంటారు. ఒక దస్త్రం కదలకపోతే అటకెక్కించారు అంటారు. ‘మావాడి చదువు అటకెక్కింది మాస్టారూ’ అని తల్లిదండ్రులు మా వద్దకు వచ్చి మొరపెట్టుకునేవారు. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పినవాణ్ణి గనుక, ఈ నుడికారాన్ని పిల్లల చేత సొంతవాక్యాలలో ఎన్నోసార్లు ప్రయోగింపజేసినాను. అయితే నుడికారంలో నిలిచిన అర్థం ఒకటి, ఇంటిలో అటక చేసిన పని మరొకటి. మన పూర్వులు అటక ఎక్కించినది మరచిపోదలచిన వస్తువులను కాదు, పోగొట్టుకోరాదనుకున్న వాటిని. ఆ పని ఏమిటో, ఆ అర్థం ఎందుకు తారుమారైనదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా మాట సంగతి. కోస్తా జిల్లాలలో మేము అటక అంటాము. తెలంగాణలో అటుక అనడం విన్నాను. కన్నడంలో అట్ట అంటే ఇదే. తమిళులు పరణ్ అంటారు. సంస్కృతంలో అట్టము అన్నది కోటలకు, భవనాలకు పైన ఉండే మేడ. అమరసింహుడు ద్వితీయకాండలోని పురవర్గంలో ఈ పదాన్ని చెప్పి, క్షౌమమనే పర్యాయపదాన్ని దానికి జత చేసినాడు. కొందరు ఉత్సాహవంతులు ఇంగ్లీషువారి ‘ఆటిక్’ కూడా మన అట్టమే అని అంటూంటారు. వినడానికి బాగానే ఉంటుంది కాని అది నిజం కాదు. ఆ మాట గ్రీసు దేశంలో ఏథెన్సు నగరమున్న ఆటికా ప్రాంతం పేరు నుండి వచ్చినది. ఆ ప్రాంతపు శిల్పరీతిని అనుసరించి భవనం నెత్తిన కట్టే పొట్టి అంతస్తును ఫ్రెంచివారు ఆ పేరుతో పిలిచినారు, ఇంగ్లీషువారు అది అందుకున్నారు. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు.

ఇక వస్తువు సంగతి. పాతకాలపు తెలుగు ఇంటిలో సామాను దాచడానికి నాలుగు తావులు ఉండేవి. నేల కింద పాతర, నేల మీద గాదె లేదా పురి, గాలిలో ఉట్టి, తలపైన అటక. వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క శత్రువును చూసుకొని పుట్టినది. పాతరలో ధాన్యం దొంగలకు, నిప్పుకు అందదు. కాని నీరు ఊరే నేలలో పాతర పనికిరాదు, అందుకే మెరకనేలల ఊళ్ళలోనే అది చెల్లినది. ఎండుగడ్డి వెంటితో చుట్టిన పురి డెల్టా వారి ధాన్యాగారం. ఉట్టి పిల్లికి, చీమకు, పసివాళ్ళకు అందకుండా కట్టినది. ఆ చివరి ప్రయోజనం ఎంతవరకు నెరవేరిందో భాగవతం చదివినవారికి చెప్పనక్కరలేదు. అటక ఒక్కటే తడికి, వరదకు, చెదకు, పరాయి కంటికి ఒకేసారి దూరంగా ఉండేది.

అటక మీద ఏమి ఉండేవి? ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే అక్కరపడే వస్తువులు. పెళ్ళిళ్ళకు దించే గుండిగలు, గంగాళాలు, కాగులు. సంక్రాంతికి దించే కొలువుబొమ్మలు. ఇంట పురుడు వస్తే దించే ఉయ్యాల. ఆనపబుర్రలలో, కుండలలో బూడిద కలిపి మూతి కట్టిన విత్తనాలు. జాడీలలో ఉప్పు వేసి తొక్కిన పాత చింతపండు. కరణాల ఇళ్ళలో, పండితుల ఇళ్ళలో వీటితోపాటు కవిలెకట్టలు, తాళపత్రాలు. విత్తనం వచ్చే ఏటి పంట. ఉయ్యాల వచ్చే తరం. అటక మీద ఉన్నవన్నీ రాబోయే రోజుకు సంబంధించినవే అన్న సంగతి చదువరులు గమనించగలరు.

పూరిళ్ళలో అటకకు మరొక ప్రయోజనం ఉండేది. ఉత్తరాంధ్రలో పనిచేసిన రోజులలో కొన్ని పాత కమ్మిళ్ళను చూచినాను. గడ్డికప్పుకు దిగువన దుంగలు, బద్దలు పరిచి, వాటిపైన మందంగా మట్టి మెత్తి, పేడతో అలికి ఉంచినారు. వేసవిలో పైకప్పు అంటుకుంటే ఆ మట్టి అడ్డుపడి నిప్పు గదిలోకి దిగకుండా ఆపుతుంది. ఇంటిల్లిపాదీ బయటపడడానికి వ్యవధి దొరుకుతుంది. కప్పు కాలిపోయినా ఇల్లు మిగులుతుంది. ఎండాకాలంలో గది చల్లగా ఉండడం అదనపు లాభం.

అటక నిర్మాణం ఆయా ప్రాంతాలలో దొరికిన కలపను బట్టి మారినది. తీరప్రాంతంలో తాటిమాను ముఖ్యం. ముదురు తాటిమానులో పైచుట్టు నల్లని చేవ, లోపలంతా మెత్తని గుజ్జు. ఆ గుజ్జును తొలగించి చేవను మాత్రమే దూలానికి, వాసానికి, బద్దకు వాడేవారు. గోదావరి వెంబడి ఉన్న ఊళ్ళకు ఏజెన్సీ అడవుల టేకు, వెదురు తెప్పలుగా కట్టి నదిలో దిగివచ్చేవి. రాజమహేంద్రవరం కలప వ్యాపారానికి అదే మూలం. కలిగినవారి ఇళ్ళకు బర్మా టేకు ఓడల మీద కోరంగి, కాకినాడ రేవులకు చేరేది. రాయలసీమలో మట్టి మిద్దెలు ఎక్కువ. మిద్దె చదునుగా ఉంటుంది గనుక అక్కడ అటక గదిలో ఒక మూలకు పరిమితమైనది.

పెంకుటిల్లు పెరగడంతో అటకకు మంచిరోజులు వచ్చినవి. బాసెల్ మిషన్ వారు 1865లో మంగళూరులో పెంకుల కర్మాగారం పెట్టినారు. యంత్రాల మీద అచ్చుపోసిన ఆ బల్లపరుపు పెంకులు ఒకదానితో ఒకటి కొక్కెం వేసుకొని కూర్చుంటాయి. మన ప్రాంతంలో వీటిని బెంగుళూరు పెంకులనే వారు ఎక్కువ. గూనపెంకులు రెండు వరుసలుగా కప్పిన బరువుతో పోలిస్తే ఇవి తేలిక. వెన్నుగాడి ఎత్తుగా, కప్పు వాలుగా ఉండే ఇంటిలో గది నెత్తిన ముక్కోణపు చోటు ఒకటి తనంత తానుగా ఏర్పడుతుంది. దానికి నేల వేస్తే అటక అవుతుంది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళలో ఈ చోటును వదలిన గృహస్థు అరుదు.

అటకకూ మన సాహిత్య చరిత్రకూ దగ్గర సంబంధం ఉన్నది. తాటాకుకు తడి, పురుగు ప్రధాన శత్రువులు. అందుచేత వంటింటి పొగ సోకే ఎత్తులో గ్రంథాలను ఉంచే అలవాటు ఏర్పడినది. కాలిన్ మెకంజీ (1754-1821) దక్షిణదేశమంతటా స్థానిక చరిత్రలు సేకరించినప్పుడు, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా తిరిగి అడిగినవి ఇళ్ళలో భద్రంగా ఉన్న ఈ కవిలెలనే. కరణాలు తరతరాలుగా దాచిన కట్టలే లేకపోతే నేడు మనం కైఫీయత్తులని చదువుకునేవి లేవు. అటు తరువాత చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798-1884) తెలుగు కావ్యాల ప్రతులను వెదకి, పండితులను నియమించి శుద్ధప్రతులు వ్రాయించినాడు. ఆయన కూడబెట్టినవి కాలక్రమంలో మద్రాసులోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరినవి. 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు కూడా ఇదే దారిలో గృహస్థుల వద్ద ఉన్న ప్రతులను సేకరించినది. వీరి పేర్లు మనం తలచుకుంటున్నాము, తలచుకోవలసినదే. అయితే వీరు వచ్చి అడిగే నాటికి ఆ ప్రతి అక్కడ ఉండడానికి కారణమైన గృహిణి పేరు, ఏటేటా అటక దులిపి కట్టలు ఎండకు వేసిన ఆమె పేరు, ఏ పీఠికలోనూ కనబడదు.

నీటి సంగతి కూడా చెప్పుకోవాలి. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద భద్రాచలం వద్ద 75.6 అడుగులకు చేరినది. కోనసీమలో గట్లు తెగి లంకలు, ఊళ్ళు మునిగినవి. అప్పుడు నేను ఉద్యోగంలో కొత్తగా చేరినవాణ్ణి. మా ఊరిలో నీరు అరుగులు దాటి గదులలో నడుము లోతు నిలిచినది. ఆ మూడు నాలుగు రోజులు మా ఇంట బియ్యం, పప్పు, అగ్గిపెట్టె, నాన్నగారి కాగితాలు పొడిగా ఉన్న తావు అటక ఒక్కటే. అటక సర్వరక్షకమని చెప్పడం నా ఉద్దేశం కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు పది వేల మంది ప్రాణాలు పోయినవి. ఇళ్ళే కొట్టుకుపోయిన చోట అటక ఏమి చేయగలదు? మెల్లగా ఎక్కి మెల్లగా దిగే ఏటి నీటికి అది జవాబు, అంతవరకే.

అటకకు చెడ్డరోజులు రెండు దారులలో వచ్చినవి. మొదటిది కాంక్రీటు శ్లాబు. వాలుకప్పు పోయినది, దానితో ముక్కోణపు చోటూ పోయినది. తలుపు పైభాగాన గోడకు అంటించినట్లు రెండడుగుల వెడల్పు పలక ఒకటి మిగిలినది. దానిని ‘లాఫ్ట్’ అంటున్నాము. అది మూలకు నెట్టే చోటే గాని, పదిలపరచే చోటు కాదు. రెండవది పాలనలో వచ్చిన మార్పు. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినవి. ఆ వ్యవస్థలోని మంచిచెడ్డల చర్చ వేరు. గ్రామలెక్కలు ప్రభుత్వానికి అప్పగించిన తరువాత, ఆ ఇళ్ళలో మిగిలిన సొంత కాగితాలకు విలువ లేదన్న అభిప్రాయం ఏర్పడినది. ఎందరో ఆ కట్టలను తూకానికి అమ్మినారు, భోగిమంటలలో వేసినారు. ‘అటకెక్కుట’కు మూలపడుట అన్న అర్థం ఎప్పటి నుండో ఉండవచ్చును. కాని ఆ ఒక్క అర్థమే మిగిలినది మాత్రం మన తరంలోనే.

ఈ పరిస్థితిలోనే 2019 వేసవిలో మా పూర్వుల ఇంటి విషయం తేల్చవలసి వచ్చినది. తమ్ముడు అమెరికాలో స్థిరపడినాడు. చెల్లెలు హైదరాబాదులో. ఇల్లు విప్పి స్థలం అమ్మేద్దామని ఒక మాట, ఉంచుదామని ఒక మాట. ఉంచితే సామాను ఎక్కడ? వంటింటి ప్రక్కనున్న కొట్టుగది మీద ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు గల చిన్న అటక ఉన్నది. తాటిబద్దలు పుచ్చి, కాలు మోపితే కిర్రుమంటున్నది. దానిని బాగుచేసి, ముగ్గురి ఉమ్మడి వస్తువులూ అందులో పెట్టి, మిగతా ఇంటిని అద్దెకు ఇవ్వాలని చివరకు ఒప్పందమైనది.

మా వడ్రంగి మేస్త్రి అరవై దాటినవాడు. వచ్చి, బద్దలు తీయించి, దూలాలు తట్టి చూచినాడు. గోడ నుండి గోడకు ఇరవై అంగుళాల ఎడంతో ఐదు మద్ది దూలాలు. ఒక్కొక్కటి మూడంగుళాల చదరం. పుచ్చలేదు కాని నడుమ వంగినవి. వాటిని తీయకుండా, ప్రతి దూలం ప్రక్కన రెండంగుళాల మందం, ఆరంగుళాల లోతు గల టేకు చెక్కను నిలువుగా చేర్చి, మరబోల్టులతో బిగించాలన్నాడు. చెక్కను వెడల్పుగా పడుకోబెడితే ఆనుడు ఎక్కువ కదా అని తమ్ముడు ఫోనులో అడిగినాడు. ‘బాబూ, చెక్కను పడుకోబెడితే పడుకుంటుంది. నిలబెడితే పని చేస్తుంది’ అన్నాడు మేస్త్రి.

ఈ మాటకు గణితం ఉన్నది. గెలీలియో 1638లో ప్రచురించిన ‘రెండు నూతన శాస్త్రాలు’ అనే గ్రంథంలో బద్దను పడుకోబెట్టినప్పటి కంటె నిలబెట్టినప్పుడు ఎక్కువ బరువు ఓర్చుకుంటుందని నిరూపించినాడు. చెక్క బలం దాని లోతు వర్గాన్ని బట్టి, వంగకుండా నిలిచే బిగువు లోతు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మా పాత దూలం లెక్క మూడును మూడు ఘనంతో, అనగా ఇరవైయేడుతో, హెచ్చవేస్తే 81. కొత్త చెక్క లెక్క రెండును ఆరు ఘనంతో, అనగా 216తో, హెచ్చవేస్తే 432. జాతి ఒకటే అనుకుంటే, కలప మూడవ వంతు మాత్రమే పెరిగినది, బిగువు ఐదు రెట్లు దాటినది. గెలీలియో పేరు వినని మేస్త్రికి ఈ సంగతి తండ్రి చేతి కింద తెలిసినది.

అతడు చేసిన మరికొన్ని పనులు కూడా చెప్పదగినవి. దూలపు కొసలు గోడలో కూర్చునే చోట అడుగున చిన్న రాతిపలక వేసినాడు. లేకపోతే బరువంతా ఒక్క ఇటుక మీద పడి గోడ నలుగుతుంది. కొస చుట్టూ వేలు దూరేంత సందు వదలినాడు. గాలి ఆడని కొస ముందుగా కుళ్ళుతుంది. అటక మీదికి వంగకుండా పోవడానికి వీలుగా అడ్డుదూలం ఒకటి కోయమంటే ససేమిరా అన్నాడు. ఆ దూలం వాసాల కాళ్ళు బయటికి జారకుండా పట్టి ఉంచే కట్టు. దానిని కోస్తే కప్పు బరువుకు గోడలు విచ్చుకుంటాయి. అంగుళం మందపు పలకలను చిత్రిక పట్టి, అతుకులు దూలాల మీదనే పడేటట్లు పరచినాడు. మేకులు కొట్టకుండా మరమేకులు బిగించినాడు, సుత్తిదెబ్బలకు పెంకులు కదలుతాయని. చూరు వైపు జానెడు చోటు పలక వేయకుండా వదలినాడు, గాలి కోసం.

కలప కొన్నది పాత ఇళ్ళు విప్పిన సామాను అమ్మే అడితిలో. చేవ ముదిరి, ఆరవలసినంత ఆరిన టేకు. ఒక చెక్క మీద ఉలితో చెక్కిన సంవత్సరనామం సగం మిగిలి ఉన్నది. ఎవరి ఇంటిదో తెలియదు. అడితి యజమాని నెలకు ఎన్ని ఇళ్ళు వస్తున్నవో చెప్పినాడు. నేను ఇక్కడ వ్రాయను.

అటక ఎంత బరువు మోస్తుందన్నది తరువాతి ప్రశ్న. నివాసపు గదుల నేలకు మన భారతీయ ప్రమాణాలు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు లెక్క వేస్తాయి. అమెరికాలో కొద్దిపాటి సామాను పెట్టే అటకకు చదరపు అడుగుకు 20 పౌనులు, సామానే పెట్టని దానికి 10 పౌనులు లెక్క అని తమ్ముడు చెప్పినాడు. ఆ 20 పౌనుల లెక్కనే పాటించినా మా 80 చదరపు అడుగులకు సుమారు 725 కిలోలు. మనవాళ్ళకు తెలిసే భాషలో, 75 కిలోల ధాన్యపు బస్తాలు పదికి కొంచెం తక్కువ. అంతకు మించకూడదని, బరువైన ఇత్తడి గోడల వైపు, తేలికవి నడుమ ఉంచాలని నిర్ణయించుకున్నాము. ఇక్కడ అమెరికాలోని తెలుగువారికి ఒక మనవి. 1950ల నడుమ నుండి అక్కడ వ్యాపించిన, ఇనుప పలకలతో అతికిన సన్నకట్టె కప్పుచట్రాలు చాలావరకు పైకప్పును మోయడానికి లెక్కకట్టినవే. పైన ప్లైవుడ్ పరచి పెట్టెలు పేర్చే ముందు తెలిసిన ఇంజనీరును అడగడం మేలు.

సామాను దించినప్పుడు తాతగారి ఇంటిలెక్కల పుస్తకం ఒకటి బయటపడినది. ధాత నామ సంవత్సరం, ఫసలీ 1346. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది గనుక అది 1936-37. అందులో ఈ అటక వేయించిన ఖర్చు ఉన్నది. మద్ది దూలాలు ఐదు, తాటిబద్దలు రెండు బళ్ళు, వడ్రంగులు ఇద్దరికి ఆరు రోజుల కూలి, అణాలతో సహా. దాని క్రింద వేరొక దస్తూరితో, మా నాయనమ్మ చేవ్రాలు కావచ్చును, అటక మీద పెట్టిన పాత్రల జాబితా. ఏది ఏ కూతురి పెళ్ళికి ఇవ్వవలసినదో ప్రక్కన గుర్తులు. ఆమెకు వ్రాయడం వచ్చునని మా ఇంట ఎవరూ మాకు చెప్పలేదు. చెల్లెలు ఆ పుటను చాలాసేపు చేతిలో పట్టుకొని కూర్చున్నది. ఇల్లు విప్పుదామన్న మాట ఆ తరువాత మా నడుమ రాలేదు.

లిఖిత ప్రతుల రక్షణకు కేంద్రప్రభుత్వం 2003లో జాతీయ కార్యక్రమం ప్రారంభించినది. 2025 బడ్జెట్టులో జ్ఞానభారతం పేరుతో మరొకటి ప్రకటించినది. ఇవి మంచి పనులే. కాని ఏ ప్రభుత్వమూ మన నాయనమ్మల పాత్రల జాబితా కోసం మన ఇంటికి రాదు. అది మన పని. ఇల్లు విప్పేవారిని విప్పవద్దని నేను అనను, ఎవరి అవసరాలు వారివి. పెంకు దించే ముందు, తూకంవాడు రాకముందు, చదవడం వచ్చిన వారిని ఒకరిని వెంటబెట్టుకొని ఒక పూట అటక మీద కూర్చోండి. కట్ట విప్పి, తేదీ ఉన్న ప్రతి కాగితాన్నీ ఫోటో తీయండి. ఫసలీ, తెలుగు సంవత్సరం తెలియకపోతే ఊరిలో పెద్దలను అడగండి. ఉంచదలచినవాటిని వస, వేపాకు వేసి ట్రంకుపెట్టెలో పెట్టండి. పెట్టెలో ఏమేమి ఉన్నవో మూత లోపలి వైపున వ్రాసి అతికించండి.

మీ ప్రాంతంలో అటకను ఏమని పిలుస్తారో, దాని నేల దేనితో వేసేవారో తెలిసినవారు దయచేసి తెలియజేయగలరు. ఒక్కొక్క సీమ మాటను చేర్చి ఒక పట్టిక తయారు చేయాలని ఉన్నది.